హాజరు పట్టీ క్లౌడుకెక్కితే లెక్క ఎవరి చేతిలో?



మిల్లులోకి కొత్త రింగ్ ఫ్రేం దిగితే అందరికీ కనబడుతుంది. లారీ నుంచి దించుతున్నప్పుడే ఎన్ని స్పిండిళ్ళు, ఎంతమంది సైడర్లు చాలుతారు, ఎవరి పనికి ఎసరు వస్తుంది అని మనం లెక్క వేసుకుంటాం. గేటు మీటింగు పెట్టుకుంటాం. యాజమాన్యాన్ని అడుగుతాం. కానీ ఆఫీసు గదిలో సాఫ్ట్‌వేర్ మారితే చప్పుడే ఉండదు. ఒక నెల జీతం చీటీ రంగు మారుతుంది. మరో నెల ఓవర్‌టైమ్ గంటలు తగ్గి కనబడతాయి. టైమ్ ఆఫీసులో అడిగితే "సిస్టంలో అలాగే ఉంది" అన్న జవాబు వస్తుంది. మిషను మారినప్పుడు మనం చూపే జాగ్రత్త, లెక్క మారినప్పుడు చూపడం లేదు. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాయవలసి వస్తోంది.

పత్తి కొనుగోలు, నూలు అమ్మకం, స్టోరు సామాను, కరెంటు, బ్యాంకు, హాజరు, జీతం, పీ.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వంటివన్నీ ఒకే చోట లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పెద్ద మిల్లులన్నింటిలోనూ ఉంది. ఇంతకాలం దాన్ని ఒకసారి డబ్బు కట్టి కొనుక్కొనేవారు. మిల్లులోనే ఒక గదిలో కంప్యూటరు పెట్టి నడిపేవారు. ఇప్పుడు ఆ పద్ధతి మారుతోంది. సాఫ్ట్‌వేర్ వేరే ఊళ్ళో, వేరే కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. మిల్లువాళ్ళు ఇంటర్నెట్ ద్వారా దాన్ని వాడుకుంటారు. నెలకో, సంవత్సరానికో ఇంత అని, వాడే మనుషుల తలలు లెక్కగట్టి బాడుగ కడతారు. దీనికే క్లౌడ్ అని పేరు. మబ్బు అన్నారు గానీ అది ఆకాశంలో లేదు. ఎవరో ఒకరి భవనంలో, ఎవరో ఒకరి తాళం కింద ఉంది. సొంత ఎద్దులతో సేద్యం చేసే రైతుకూ, బాడుగ ఎద్దులతో చేసే రైతుకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. బాడుగ ఎద్దులు బలమైనవే కావచ్చు. కానీ అదను దాటిపోతున్నప్పుడు అవి ఎవరి కొట్టంలో ఉన్నాయన్నదే ముఖ్యం.

యజమానులు ఎందుకు మారుతున్నారు?

వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్‌కూ బట్టల మిల్లులకూ పాత చుట్టరికమే ఉంది. మన హోసూరుకు పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న బెంగళూరులో 1986లో ట్యాలీ పుట్టింది. మిల్లులకు ముడిసరుకు, మిషను భాగాలు సరఫరా చేసే వ్యాపారి శ్యాంసుందర్ గోయెంకా తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్ గోయెంకాతో దాన్ని రాయించారు. చిన్న మిల్లులు, జిన్నింగు ఫ్యాక్టరీలు, నూలు వ్యాపారులు ఒకసారి కొనుక్కుని ఏళ్ళ తరబడి దానితో నడిపారు. నేడు ఆ ట్యాలీని సైతం బాడుగకు తీసుకోవచ్చు, క్లౌడులో నడపవచ్చు.

పెద్ద కంపెనీల సంగతి వేరు. అక్కడ 1972లో జర్మనీలో పుట్టిన ఎస్.ఏ.పి. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కువ. తన పాత సాఫ్ట్‌వేర్‌కు మామూలు మరమ్మతులు 2027 చివరి వరకే చేస్తామని, అదనంగా డబ్బు కడితే 2030 వరకు చేస్తామని ఆ కంపెనీ 2020లో ప్రకటించింది. కొత్త సౌకర్యాలు క్లౌడుకు వచ్చినవారికే అని 2023లో చెప్పినప్పుడు దాన్ని వాడే జర్మన్ కంపెనీల సంఘమే గట్టిగా నిరసన తెలిపింది. అంటే ఈ మార్పులో యజమానులు కూడా పూర్తిగా స్వతంత్రులు కారు. మిల్లు గేటు దగ్గర మనమీద పెత్తనం చేసే యాజమాన్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందు చేతులు కట్టుకోవలసి వస్తోంది.

ప్రభుత్వ నిబంధనలు మరో కారణం. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులు ఇతర వ్యాపారులకు ఇచ్చే ఇన్వాయిసులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. నిబంధన మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ మార్చాలి. ఆ తలనొప్పి బాడుగకిచ్చినవాడే పడతాడన్నది యజమానుల లెక్క.

ఇందులో మనకు మంచి ఏమీ లేదని చెప్పడం న్యాయం కాదు. పత్తి దూది ఎగిరే చోట, కరెంటు పోయి వచ్చే చోట, ఒకే కంప్యూటరులో వెయ్యిమంది పదేళ్ళ సర్వీసు రికార్డు ఉంచడం ప్రమాదమే. అది కాలిపోతే మన సర్వీసు కూడా కాలిపోయినట్టే. లెక్క ఇంకోచోట భద్రంగా ఉండటం మనకూ మేలే. 2014లో పీ.ఎఫ్.కు యు.ఏ.ఎన్. నంబరు వచ్చాక, యజమాని మన జీతంలో కోసిన డబ్బు నిజంగా కట్టాడో లేదో మనమే చూసుకోగలుగుతున్నాం. అంతకు ముందు ఆ సంగతి తెలియడానికి కొందరికి రిటైరయ్యే రోజు వరకు పట్టేది. కాబట్టి కంప్యూటరు వద్దు, క్లౌడు వద్దు అనడం మన వాదన కాదు. మన లెక్క మనకు కనబడాలి, మనకు తెలియకుండా మారకూడదు, మిల్లు బాకీ పడినా మాయం కాకూడదు. ఇవీ మన షరతులు.

తాళం ఎవరి దగ్గర?

ఈ షరతులు ఊహించుకున్న భయాల నుంచి పుట్టలేదు. జరిగిన సంగతులు చూడండి.

2021 డిసెంబరు 11న అమెరికాలో క్రోనోస్ అనే హాజరు, జీతాల క్లౌడ్ సేవ మీద దుండగులు దాడి చేశారు. వేల కంపెనీలు దాన్ని బాడుగకు వాడుకుంటున్నాయి. ఆస్పత్రులు, రవాణా సంస్థలు, కార్ఖానాలు ఒక్కసారిగా తమ కార్మికులు ఎన్ని గంటలు పని చేశారో చూసుకోలేకపోయాయి. అది క్రిస్మస్ కాలం, ఓవర్‌టైమ్ ఎక్కువ చేసే కాలం. చాలాచోట్ల యజమానులు పాత జీతం చీటీనే మళ్ళీ ముద్రించి అదే మొత్తం ఇచ్చారు. అదనపు గంటల డబ్బు ఆగిపోయింది. సేవ పూర్తిగా కోలుకోవడానికి 2022 జనవరి మూడో వారం దాటింది. ఓవర్‌టైమ్ డబ్బు కోసం కార్మికులు కోర్టులకు వెళ్ళవలసి వచ్చింది.

మన దేశంలో 2024 జూలై నెలాఖరులో సి-ఎడ్జ్ అనే సంస్థ మీద ఇలాంటి దాడే జరిగింది. సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు కంప్యూటరు సేవలు అందించే సంస్థ అది. జాగ్రత్త కోసం జాతీయ చెల్లింపుల సంస్థ దాన్ని తన వ్యవస్థ నుంచి విడదీసింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు ఏ.టి.ఎం., యు.పి.ఐ. చెల్లింపులు ఆగాయి. మరునాటికి సర్దుకుంది. కానీ తప్పు ఒకచోట జరిగితే దెబ్బ 300 చోట్ల తగిలింది.

దుండగులు రాకుండా కూడా తాళం పడవచ్చు. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీకి వాటా ఉంది. 2025 జూలై 18న ఐరోపా సమాఖ్య దాని మీద ఆంక్షలు విధించింది. జూలై 22న మైక్రోసాఫ్ట్ తన సేవలు ఆపేసింది. బాడుగ కట్టి ఉన్నా, భారతదేశ చట్టం ఏదీ ఉల్లంఘించకపోయినా, ఉద్యోగులకు తమ ఉత్తరాలు తాము చూసుకునే దారి లేకపోయింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. జూలై 30 నాటికి సేవలు తిరిగి వచ్చాయి. అంత పెద్ద కంపెనీకి, పెద్ద లాయర్లున్న కంపెనీకి వారం రోజులు పట్టింది. బాడుగ బాకీ పడిన ఒక చిన్న నూలు మిల్లు సంగతి ఏమిటి? ఆ మిల్లులో బదిలీ కార్మికుడి హాజరు సంగతి ఏమిటి?

"సిస్టం తప్పు చెప్పదు" అన్న మాట

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. అది సాఫ్ట్‌వేర్ ఆగిపోయినప్పుడు వచ్చేది కాదు, నడుస్తూ ఉండగా వచ్చేది.

బ్రిటన్ తపాలా శాఖ 1999లో హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల పద్ధతి పెట్టింది. ఊళ్ళలో పోస్టాఫీసు నడిపే సామాన్యుల లెక్కల్లో డబ్బు తగ్గినట్టు అది చూపింది. తీయని డబ్బు తీశారని కేసులు పెట్టారు. 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్ళారు, ఇళ్ళు అమ్ముకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉన్నాయని, దాన్ని తయారు చేసిన కంపెనీ మనుషులు పోస్టుమాస్టరుకు తెలియకుండా దూరం నుంచే ఆ లెక్కలు మార్చగలరని 2019లో హైకోర్టు తేల్చింది. అంతవరకు అది సాధ్యమే కాదని చెబుతూ వచ్చారు. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది.

మన మిల్లుల్లో ఎవరూ జైలుకు వెళ్ళకపోవచ్చు. కానీ అదే మాట మన జేబుకు చిల్లు పెట్టగలదు. రాత్రి షిఫ్టు ఒక తేదీన మొదలై మరో తేదీన ముగుస్తుంది. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా చెప్పకపోతే లోపలికి వచ్చిన గుర్తు ఒక రోజులో, బయటకు వెళ్ళిన గుర్తు ఇంకో రోజులో పడి, రెండు రోజులూ అరకొరగా మిగులుతాయి. నూలు లాగి లాగి వేలిముద్రలు అరిగిపోయిన అక్కచెల్లెళ్ళ వేలిని గేటు దగ్గరి మిషను గుర్తు పట్టదు. ఓవర్‌టైమ్‌లో 15 నిమిషాల లోపు లెక్కలోకి తీసుకోవద్దని ఎవరో ఒక గడిలో టిక్కు పెడితే చాలు. రోజుకు 15 నిమిషాలు, నెలకు 26 రోజులు అంటే ఆరున్నర గంటలు. సంవత్సరానికి 78 గంటలు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు చట్టంలో ఉంది కనుక 156 గంటల కూలి, అంటే ఎనిమిది గంటల లెక్కన 19 రోజులన్నర సంబళం. దీనికి నోటీసు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఒక్క టిక్కు చాలు.

తలకింత అని బాడుగ కట్టే పద్ధతి ఇంకో చిక్కు తెస్తుంది. తలలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఐదుగురు గుమాస్తాలు ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ వాడుకునే అలవాటు పుడుతుంది. అప్పుడు హాజరు దిద్దింది ఎవరని అడిగితే సాఫ్ట్‌వేర్ ఒకే పేరు చెబుతుంది. ఆ పేరు గల గుమాస్తా ఆ రోజు సెలవులో ఉండి ఉండవచ్చు. ఇలాంటి సందర్భంలో బలయ్యేది ఆ గుమాస్తా కూడా. టైమ్ ఆఫీసు సిబ్బంది మనకు శత్రువులు కారు. మార్పు వచ్చినప్పుడు ముందుగా పని పోయేది వాళ్ళకే అన్న సంగతి మరచిపోవద్దు.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది?

పార్లమెంటు చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. అయినా చేతిలో ఉన్న ఆయుధం ఏమిటో తెలుసుకోవాలి. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. రిజిస్టరు ఉంచడం, జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. సర్వరు పనిచేయలేదన్న సాకుకు ఆ గడువులో చోటు లేదు. జీతం బకాయి మీద మూడేళ్ళలోగా క్లెయిము వేయవచ్చు. ఆ క్లెయిములో డబ్బు చెల్లించామని రుజువు చేసుకోవలసింది యజమానే.

కానీ అన్ని చోట్లా ఆ భారం యజమానిది కాదు. సంవత్సరంలో 240 రోజులు పని చేశాడా లేదా అన్నదాని మీద తొలగింపు పరిహారం, గ్రాట్యుటీ సర్వీసు ఆధారపడి ఉంటాయి. తీసేసిన కార్మికుడు కోర్టుకు వెళితే ఆ 240 రోజులు తానే రుజువు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మస్టర్ రోల్ తెప్పించమని అడిగే హక్కు మనకుంది. కానీ ఆ మస్టర్ రోల్ పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండిపోయి, ఆ బాడుగ ఒప్పందం ముగిసిపోయి, కొత్తదానిలోకి గత మూడేళ్ళ లెక్క మాత్రమే ఎక్కించి ఉంటే? ఇరవై ఏళ్ళు రింగ్ ఫ్రేం దగ్గర నిలబడిన మనిషికి మూడేళ్ళ చరిత్రే మిగులుతుంది. క్లౌడుకు మారే రోజున మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: పాత లెక్క మొత్తం కొత్త దానిలోకి వస్తోందా? రాకపోతే దాన్ని ఎక్కడ దాస్తున్నారు?

దుస్తుల కంపెనీ అయినా, నూలు కంపెనీ అయినా, కంపెనీల చట్టం కింద నడిచేవాటికి మరో నిబంధన ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ పద్దు మార్చారో చెరగని జాడ ఉండాలి. ఆ జాడను ఆపేసే వీలు ఉండకూడదు. 2022 ఆగస్టు నుంచి ఖాతా పుస్తకాల నకలు రోజూ భారతదేశంలోనే ఉన్న సర్వరులో భద్రపరచాలి. వాటాదారుల డబ్బు కోసం, పన్ను కోసం రాసిన నిబంధనలివి. ఒక బేలు పత్తి కొన్న వోచరులో రూపాయి మార్చితే జాడ మిగలాలని చట్టం అంటుంది. మరి ఆ పత్తిని నూలు చేసిన మనిషి హాజరు దిద్దితే జాడ ఎందుకు మిగలకూడదు? ఇది కొత్త ఖర్చు కాదు. అదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సౌకర్యమే హాజరుకూ పెట్టమంటున్నాం.

పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం షిఫ్టు వేళలు మార్చినా, మనుషుల్ని తగ్గించే విధంగా పని పద్ధతి మార్చినా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఈ నియమం ఉండేది. సాఫ్ట్‌వేర్ మార్పు వల్ల టైమ్ ఆఫీసులో, స్టోర్సులో మనుషులు తగ్గేటట్టయితే ఆ నోటీసు అడగండి. 20 మంది, అంతకు మించి ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఈ విషయం అక్కడ ఎజెండాలో పెట్టించండి.

ఏమి అడగాలి?

మత్తిగిరి, బాగలూరు, సూళగిరి వైపు నుంచి షిఫ్టులకు వచ్చే మనవాళ్ళందరూ తమ తమ మిల్లుల్లో చర్చించి, ఒప్పందంలో రాయించుకోవలసినవి ఇవి:

1. హాజరు, ఓవర్‌టైమ్, జీతం లెక్క మారిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో జాడ ఉండాలి. కార్మికుడు అడిగితే చూపాలి. ఒక మనిషికి ఒక లాగిన్ ఉండాలి.

2. పాత సర్వీసు లెక్క మొత్తం కొత్తదానిలోకి ఎక్కించాలి. ఎక్కించాక ప్రతి కార్మికుడికీ తన సర్వీసు, సెలవులు, బాకీల పట్టిక కాగితం మీద ఇచ్చి, సరిచూసుకోవడానికి గడువు ఇవ్వాలి.

3. కొత్త పద్ధతి కనీసం మూడు నెలలు పాత పద్ధతితో పాటు నడవాలి. రెండు లెక్కల్లో తేడా వస్తే కార్మికుడికి నష్టం రాకుండా చెల్లించాలి.

4. సేవ ఆగిపోతే జీతం ఆగకూడదు. అలాంటి రోజుల కోసం గేటు దగ్గర చేతిరాత రిజిస్టరు సిద్ధంగా ఉండాలి. జీతం సగటు లెక్కన ఇచ్చినా, ఓవర్‌టైమ్ తేడా మరుసటి నెలలో చెల్లించాలి.

5. బాడుగ ఒప్పందం ముగిసినా, మిల్లు చేతులు మారినా, మూతబడినా కార్మికుల రికార్డు పూర్తి నకలు యజమాని దగ్గర ఉండాలి. ఆ మాట సాఫ్ట్‌వేర్ కంపెనీతో రాసుకునే ఒప్పందంలోనే ఉండాలి.

6. జీతం చీటీ, సెలవు దరఖాస్తు మనకు చదవడం వచ్చిన భాషలో ఉండాలి. మన ప్రాంతంలో తమిళం, తెలుగు, కన్నడం కలిసి నడుస్తాయి. హాస్టళ్ళలో ఉండే ఒడిశా, బీహారు కార్మికులకు వారి భాష కావాలి. ఫోను లేనివారికి కాగితం ఇవ్వాలి.

7. హాజరు కోసం తీసుకున్న వేలిముద్ర, ఫోటో, ఫోను నంబరు హాజరుకే వాడాలి. హాజరు యాప్‌ను షిఫ్టు అయ్యాక మనిషి వెనకాల తిప్పకూడదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. కంప్యూటర్లు వచ్చినప్పుడు బ్యాంకు ఉద్యోగ సంఘాలు 1983లో, మళ్ళీ 1993లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌తో కూర్చుని షరతులు రాసుకున్నాయి. కంప్యూటరు ఆగలేదు. కానీ అది ఉద్యోగుల తలమీదుగా కాకుండా, వారితో మాట్లాడి వచ్చింది. బ్యాంకు గుమాస్తాకు సాధ్యమైనది మిల్లు కార్మికుడికి ఎందుకు కాకూడదు?

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ మాటలు అడగవలసిన సమయం, యాజమాన్యం సాఫ్ట్‌వేర్ కంపెనీతో సంతకం పెట్టకముందు. సంతకం అయ్యాక "అది మన చేతిలో లేదు, వాళ్ళనడగాలి" అంటారు. ఆ వాళ్ళు ఎవరో మనకు తెలియదు, వాళ్ళ గేటు ఎక్కడుందో తెలియదు. మన గేటు ముందు నిలబడి మాట్లాడగలిగేది మన యజమానితోనే. జీతానికి, రికార్డుకు చట్టం ముందు జవాబుదారీ ఆయనే. లెక్కను బాడుగ ఇంటికి పంపవచ్చు గానీ బాధ్యతను బాడుగకు ఇవ్వడం కుదరదు.

అంతవరకు ప్రతి కార్మికుడూ చేయగలిగిన పని ఒకటుంది. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, షిఫ్టు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, ఓవర్‌టైమ్ రోజూ రాసుకోండి. జీతం చీటీలు పారేయకండి. పీ.ఎఫ్. పాసుబుక్కు మూడు నెలలకొకసారి చూసుకోండి. రాయడం రాని తోటి కార్మికుడికి రాసిపెట్టండి. రేపు ఎవరైనా "సిస్టంలో అలా లేదు" అంటే, ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి అడుగుదాం. ఒక్కడి పుస్తకాన్ని తోసిపుచ్చవచ్చు. డిపార్టుమెంటు మొత్తం పుస్తకాలు ఒకే లెక్క చెబితే ఏ సిస్టమూ తోసిపుచ్చలేదు.